నలభై ఇళ్ల బియ్యం

ఎలుకలు నా వెంటే పుట్టింటి నుంచి వచ్చాయని అన్నారు. తల్లాడ నుంచి వ్యానులో నాతో వచ్చినవి ఒక బీరువా, ఒక కుట్టుమిషను, నాలుగు దుప్పట్లు, స్టీలు సామాను. వాటిలో ఎలుక లేదని నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. అయినా ఆ వానాకాలమంతా మా బజారులో ఎవరి బనీనుకు చిల్లు పడినా, ఎవరి సబ్బు అంచు తరిగినా, నింద తిన్నగా వచ్చి మా పెరట్లోని నీలం డ్రమ్ము మీద వాలేది. డ్రమ్ము నాది కాబట్టి నిందా నాదే.

మే నెలలో మా పెళ్లయింది. బెన్నీ మణుగూరు దగ్గర బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. ఇంట్లో మేమిద్దరం, మా అత్తమ్మ అనంతమ్మ, అంతే. ఇల్లు చర్చికి వెనకవైపు ఉంటుంది. చర్చి సామాన్ల గది వెనక గోడే మా పెరటికి ప్రహరీ.

ఆ డ్రమ్ము బెన్నీ నాకు తెచ్చిన మొదటి కానుక. కొత్త పెళ్లానికి గాజులు తెచ్చేవాళ్లుంటారు, చీర తెచ్చేవాళ్లుంటారు. మావాడు నేను అడిగానని, అడుగు పగిలిన నీళ్ల డ్రమ్మును బండి వెనక కట్టుకుని, వానలో తడుస్తూ, కాలనీ అంతా చూస్తుండగా తెచ్చాడు. ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి ఇద్దరం దాని చుట్టూ చిల్లులు పెట్టాం. ఒక వరుస ఎండుటాకులు, ఒక వరుస కూరగాయల తొక్కలు, గుడ్డు పెంకులు, టీ పొడి, మళ్లీ ఆకులు. ఖమ్మంలో బీఎస్సీ చదివిన మూడేళ్లలో నాకు అంత సంతోషమిచ్చిన ప్రయోగం లేదు. పదో రోజు మూత తీసి లోపల చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. బెన్నీ డ్యూటీ నుంచి రాగానే, కళ్ల చుట్టూ అంటిన బొగ్గు కాటుక కూడా కడుక్కోనివ్వకుండా పెరట్లోకి లాక్కెళ్లాను.

"చెయ్యి పెట్టి చూడు బావా."

పెట్టాడు. "జరమొచ్చినట్టుందే దీనికి. దవాఖానకు తోల్కపోదమా?"

నేను నవ్వు ఆపుకోలేక డ్రమ్ము పట్టుకుని కూలబడ్డాను. వంటింటి గుమ్మంలోంచి అత్తమ్మ చూసింది.

"చెత్తను చూసి గింత మురిసే కోడల్ని నా ఉమర్ల సూడలే," అంది. తిట్టు కాదది. అప్పటికింకా తిట్లు మొదలుకాలేదు.

ఆమె నాకు నేర్పిన మొదటి పని పిడికెడు బియ్యం. అన్నానికి కొలిచే ముందు పిడికెడు బియ్యం తీసి, పొయ్యి పక్కన మేకుకు వేలాడే గుడ్డసంచిలో వెయ్యాలి. అది దేవుని పిడికెడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆదివారం ఆ సంచి చర్చికి తీసుకెళ్తే స్త్రీల సమాజం వాళ్లు సామాన్ల గదిలో బస్తాలోకి పోస్తారు. బస్తా నిండాక నోరు కుట్టి, పాస్టరు అయ్యగారు దానిమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. మా సంఘంలో నలభై ఇళ్లవాళ్లు అలా తీస్తారు. ఆ బియ్యం నెలనెలా ఆధారం లేని నలుగురు ఆడవాళ్లకు పోతుంది. తల్లాడలో మా అమ్మ కూడా తీసేది గానీ, మరిచిపోయి శనివారం సాయంత్రం వారం మొత్తానికీ ఒకేసారి తీసేది. అత్తమ్మ అలా కాదు. ఇరవై ఏళ్లలో ఒక్క పూట తప్పలేదు. స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. గది తాళంచెవి ఆమె బొడ్లోనే ఉంటుంది.

"నీ పిడికిలి చిన్నగుంది పిల్లా. రెండుమాట్ల తియ్యి," అంది మొదటి రోజు. ఆ మాట నాకెంత నచ్చిందంటే, బెన్నీకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఆగస్టులో ఒక ఉదయం డ్రమ్ము మూత తీస్తే ఐదు చిట్టెలుకలు తలలెత్తి నన్ను చూశాయి. ఒక్కోటి బొటనవేలంత కూడా లేదు. చెవులు ఉల్లిపొర లాగా ఉన్నాయి. నేను అరవలేదు. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది. ఈ పెరట్లో కొత్త కాపురం మాదొక్కటే కాదన్నమాట అనుకున్నాను. ఆ ముచ్చట సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

పక్కింటి సునందక్క గోడ మీదుగా తల పెట్టింది. ఆమెదీ మా సంఘమే.

"అనంతమ్మత్తా, మీ కోడలు ఎలుకల్ని సాదుతుందంట గదా. మాయన డ్యూటీ డ్రెస్సు జేబు కొరికినయ్. జేబుల పల్లీలున్నయనుకో, అది వేరే సంగతి."

"జేబులో పల్లీలు మరిచిపోయినోళ్లది తప్పు కాదా అక్కా?" అన్నాను.

"పల్లీ తినాల్నంటే ముందుగాల ఎలుక ఉండాలె గదా. అది ఎవలింటికెల్లి వచ్చిందంట?"

అత్తమ్మ డ్రమ్ము దగ్గరికి వెళ్లి కర్రతో ఆకులు పక్కకు తప్పించింది. అడుగున గూడు. గూట్లో బియ్యం. రెండు దోసిళ్లుంటాయి.

"బియ్యం పారబోస్తున్నవా?" అంది.

"లేదత్తమ్మా."

"మరి గివేంది? ఆకాశంకెల్లి పడ్డయా?"

"ఎలుకలు తెచ్చుకున్నాయి."

"ఏడికెల్లి? మన బియ్యం డబ్బకు మూత ఉంది. మూత తీసేది నువ్వొక్కదానివే."

ఆ ఇంట్లో బియ్యపు గింజ నేల మీద పడితే కళ్లకద్దుకుని తీస్తారు. అలాంటి ఇంట్లో, పెళ్లయి మూడు నెలలు కాని కోడలు బియ్యం పారబోసిందన్న మాట పడితే ఏ నీళ్లతో కడిగినా పోదు. నాకు ఏడుపు రాలేదు, మండింది. మా నాన్న వరి పండించే మనిషి. కోతయ్యాక మడిలో రాలిన కంకులు ఏరడానికి మమ్మల్ని బడి మాన్పించి తీసుకెళ్లేవాడు. నేనా బియ్యం పారబోసేది?

వారం తిరక్కుండా బజారంతా తెలిసింది. అనంతమ్మ కోడలికి బియ్యం విలువ తెలియదట. చదువుకున్న పిల్ల కదా, ఎలుకల మీద పరిశోధన చేస్తోందట. చర్చి మెట్ల మీద ఎవరో అడిగారు కూడా, "ఇయ్యాల ఏం వండినవమ్మా, నీ ఎలుకలకు?" అని. అత్తమ్మ పక్కనే ఉంది. ఆమె చెప్పులు వేసుకోవడంలో మునిగిపోయింది.

బెన్నీతో చెప్పుకుంటే అతను రెండు వైపులా చూసి, "మా అమ్మ గట్లనే అంటది. నువ్వు పట్టించుకోకు," అన్నాడు. పట్టించుకోకు అన్న మాట మీద ఆ రోజు అతనికి చారు లేకుండా అన్నం పెట్టాను.

తర్వాత పని మొదలుపెట్టాను. ఎలుకకు పొడిగా, వెచ్చగా, ఎవరూ కదిలించని చోటు కావాలి. అందుకని డ్రమ్మును రోజూ తిరగేశాను. నీళ్లు చల్లాను. అన్నం మెతుకులు, రొట్టె ముక్కలు వెయ్యడం మానేశాను. బెన్నీ సన్నటి ఇనుప జాలి తెస్తే అడుగునా చుట్టూతా బిగించి తీగతో కట్టాను. మూత తీసేముందు కర్రతో నాలుగు దెబ్బలు వేసేదాన్ని. ఐదింటిలో మూడు వెళ్లిపోయాయి. మిగిలిన రెండూ ఎక్కడో ఒక సందు చూసుకుని మళ్లీ వచ్చేవి. వచ్చిన ప్రతిసారీ గూట్లో కొత్త బియ్యం.

సెప్టెంబరులో వాన తెరిపిచ్చిన ఒక పూట ఆ బియ్యాన్ని పళ్లెంలో పోసుకుని ఎండలో కూర్చున్నాను. వేళ్లతో వేరుచేస్తూ పోతే సన్నవి ఉన్నాయి, దొడ్డువి ఉన్నాయి, నూకలున్నాయి, పసుపు తిరిగిన ఉప్పుడు బియ్యమూ ఉంది. మా ఇంట్లో వండేది ఒక్క రకమే, మా నాన్న పంపే సన్నాలు. ఏ ఇంట్లోనూ ఇన్ని రకాలు కలిపి వండుకోరు. ఇన్ని రకాలు కలిసే చోటు ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది.

ఆ సాయంత్రం నీళ్ల పొయ్యిలోని బొగ్గు బూడిద జల్లించి డ్రమ్ముకూ ప్రహరీకీ మధ్య పలచగా పరిచాను. తెల్లవారి చూస్తే, మిషను మీద కుట్టు వేసినట్టు సన్నటి అడుగులు. సామాన్ల గది గోడకు అడుగున నీళ్లు పోవడానికి పెట్టిన తూము నుంచి డ్రమ్ము దాకా, డ్రమ్ము నుంచి మళ్లీ తూము దాకా. తిండి అక్కడ, పురుళ్లు ఇక్కడ.

అత్తమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను. పళ్లెం కూడా చూపించాను.

"దేవుని గదిల ఎలుకలా? నోరు కడుక్కో పో," అంది.

"ఒక్కసారి వెనక బస్తాలు జరిపి చూద్దాం అత్తమ్మా."

"ప్రార్థన చేసిన బస్తా కదిలియ్యొద్దు. దాంట్ల చెయ్యి పెట్టొద్దు. కోత పండగ దాంక అవి గట్లనే ఉంటయ్."

ఆ ఏడాది అసలు సంగతి అది. నెలనెలా పంచే బియ్యాన్ని జూన్ నుంచి ఆపేశారు. నవంబరులో కోత పండగకు బిషప్ గారు వస్తున్నారు. నాలుగైదు నెలల బియ్యం కూడబెట్టి, ఆ రోజు బలిపీఠం ముందు ఒక్కటే రాశిగా పోసి, ఆయన చేత ప్రార్థన చేయించి, ఆయన చేతులతోనే పంచాలి. ఆ ఆలోచన అత్తమ్మదే. సంఘమంతా మెచ్చుకుంది. ఆగాల్సిన నలుగురినీ మాత్రం ఎవరూ అడగలేదు.

వాళ్లలో ఆరోగ్యమ్మవ్వ ఒకతె. శనివారం శనివారం చర్చి ఊడుస్తుంది. డెబ్బై ఏళ్లుంటాయి. ఇటుక బట్టీల్లో పనిచేసి వేలిముద్రలు అరిగిపోయాయి. రేషను దుకాణంలో మిషను మీద ఎన్నిసార్లు వేలు పెట్టినా పడదు, పడకపోతే బియ్యం లేవు. అక్టోబరు మొదటి శనివారం ఆమె చీపురు గోడకు ఆనించి మా పెరట్లోకి వచ్చింది. నేను కొత్తిమీర మడికి నీళ్లు పోస్తున్నాను. ఆమె డ్రమ్ము వైపు చూస్తూ నిలబడింది.

"బిడ్డా, ఒక మాట అడుగుత. తప్పనుకోకు."

"అడుగవ్వా."

"నువ్వు గా డ్రమ్ముల బియ్యం ఏస్తున్నవంట గదా. ఎలుకలకేసే బదులు నాకియ్యరాదు. కడుక్కొని వండుకుంట."

నేను వెయ్యలేదవ్వా అని అనాలి. రెండు నెలలుగా కనిపించిన ప్రతివాళ్లకూ చెప్తున్న మాటే. అప్పుడు మాత్రం నోటికి రాలేదు. లోపలికి వెళ్లి డబ్బాలోంచి నాలుగు సోలలు ఆమె కొంగులో పోశాను. ఆమె ఒక్క గింజ కింద పడకుండా ముడి వేసుకుని వెళ్లిపోయింది.

వంటింటి కిటికీ దగ్గర అత్తమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుని ఉంది. ఆ కిటికీ పెరట్లోకే తెరుచుకుంటుంది. నేను దులిపేద్దామని మాటలు కూడగట్టుకుని వెళ్లాను. ఆమె చేతిలో ఉన్న కాయకు రెండు వైపులా ఈనె తీసింది. గిన్నెలో వేసింది. బొడ్లోంచి తాళంచెవి తీసింది.

"పా," అంది.

ముందు వరుస బస్తాలు బాగానే ఉన్నాయి. వాటిని ఇద్దరం జరిపాం. గోడకు ఆనుకున్న వెనక బస్తాను లాగగానే దాని అడుగు నుంచి బియ్యం నీళ్లలాగా జారి నేలంతా పరుచుకుంది. బియ్యంతో పాటు పెంటికలు, గోనె పీచు, పొట్టు. ముక్కిన వాసన. అత్తమ్మ చీర చెంగు నడుముకు దోపి, ప్రార్థన చేసిన ఆ బియ్యంలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. బయటికి తీసిన గుప్పిట్లో తడిసి ముద్దకట్టిన నూకలు. ఏడు బస్తాల్లో మూడు దక్కాయి.

ఆమె నేల మీద కూర్చుంది.

"ఇరవై ఏండ్లు," అంది. "పూట తప్పలే."

అప్పుడు నేనొక మంచి మాట అనాల్సింది. అనలేదు. నాకింకా మండుతూనే ఉంది.

"రేపు చర్చిలో చెప్పాలి అత్తమ్మా."

"నేనే చెప్త. సాక్ష్యంల చెప్త. నువ్వు నోరు మెదపకు."

మర్నాడు ఆరాధనలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ సుకుమార్ అయ్యగారు ఎవరైనా లేవచ్చు అనగానే అత్తమ్మ లేచింది. కొంగు తల మీద కప్పుకుంది. గొంతు గట్టిగానే ఉంది.

"దేవునికి స్తోత్రం. మన బియ్యానికి ఎలుకలు తగిలినయ్. నాలుగు బస్తాలు పోయినయ్. మూడన్న దక్కించిండు దేవుడు. ఆయనకే మహిమ."

అని కూర్చుంది. అంతే. ఎలుకలు ఎందుకు తగిలాయో, ఎన్నాళ్ల నుంచి తగిలాయో, ఎవరు కదిలించొద్దన్నారో ఒక్క మాట లేదు. నలభై ఇళ్ల కళ్లూ మెల్లగా నావైపు తిరిగాయి. వెనక చాప మీద నుంచి సునందక్క "డ్రమ్ము" అనడం నాకు స్పష్టంగా వినపడింది.

నేను లేచాను. పెళ్లయ్యాక నేను సాక్ష్యం చెప్పడం అదే మొదలు.  పళ్లెంలో వేరుచేసిన బియ్యం గురించి చెప్పాను. బూడిదలో అడుగుల గురించి చెప్పాను. ఎలుకలు మా పెరట్లోంచి గదిలోకి పోలేదని, గదిలోంచే మా పెరట్లోకి వచ్చాయని చెప్పాను. అక్కడ ఆగి ఉండవచ్చు. ఆగలేదు.

"జూన్ నుంచి ఎవరికీ ఒక్క గింజ ఇవ్వలేదు. బిషప్ గారికి రాశి చూపించాలని దాచాం. దాచింది ఎలుకలు తిన్నాయి. నిన్న ఆరోగ్యమ్మవ్వ మా పెరట్లోకి వచ్చి, ఆ ఎలుకలు తినగా మిగిలిన బియ్యం ఇమ్మని అడిగింది."

 నేను ఆరోగ్యమ్మవ్వ కోసం చూశాను. ఏం ఆశించి చూశానో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆమె ముఖం మీదికి కొంగు లాక్కుని, పక్క తలుపు నుంచి బయటికి నడిచింది. అయ్యగారు గొంతు సవరించుకుని కీర్తన ఎత్తారు.

ఆ రోజే మూడు బస్తాలు విప్పి, చేటల్లో చెరిగి, పంచేశారు. ముగ్గురు వచ్చి తీసుకున్నారు. ఆరోగ్యమ్మవ్వ రాలేదు. ఆమె వంతు బియ్యం సంచిలో వేసుకుని నేనే రైలు పట్టాల అవతల ఉన్న ఆమె గుడిసెకు వెళ్లాను. తడక సగమే తీసింది.

"నా పేరెందుకు తీసినవ్ బిడ్డా? నేనడిగింది పెరట్ల. చర్చిల గాదు."

"నీ కోసమే కదవ్వా..."

"నా కోసం గాదు. నీ డ్రమ్ము కోసం."

తడక వేసేసింది. బియ్యం సంచితో వెనక్కి వచ్చాను. దారి పొడుగునా మనసులో ఆమెతో పోట్లాడాను. నేను చెప్పింది అబద్ధమా? అన్యాయం ఎవరిది? నేను మాట్లాడకపోతే ఆ మూడు బస్తాలైనా బయటికొచ్చేవా? ప్రతి ప్రశ్నకూ నా దగ్గర మంచి జవాబుంది. ప్రతి జవాబూ ఆ తడక దగ్గరికి వచ్చి ఆగిపోయేది.

అత్తమ్మ నాతో మాట్లాడటం మానేసింది. బెన్నీ మా ఇద్దరి మధ్య కూర గిన్నెలు అందిస్తూ తిన్నాడు. ఒకసారి నవ్వించబోయాడు కూడా, ఇంట్లో ఎలుకలే నయం, కనీసం చప్పుడు చేస్తున్నాయని. ఎవరమూ నవ్వలేదు. శనివారం వచ్చింది. చర్చి ఎవరూ ఊడవలేదు. మధ్యాహ్నం దాకా చూసి అత్తమ్మ చెప్పులు వేసుకుంది. నేనూ వెంట నడిచాను. రావద్దని ఆమె అనలేదు.

గుడిసె ముందు ఆరోగ్యమ్మవ్వ పుల్లలు విరుస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు. అత్తమ్మ ఖాళీ చేతులతో వెళ్లింది. బియ్యం సంగతి ఎత్తలేదు. నిలబడే మాట్లాడింది.

"ఆరోగ్యమ్మా, గది గట్లనే ఉంది. ఇంకో వాన కొడ్తే రేపొచ్చే బియ్యం గూడ పోతయ్. నాకు నడుం వంగుతలేదు. ఈ పిల్లకు మాట్లాడుడు ఒక్కటే వచ్చు."

ఆరోగ్యమ్మవ్వ ఇంకో పుల్ల విరిచింది.

అత్తమ్మ తాళంచెవి తీసి ఆమె ముందు పుల్లల మీద పెట్టింది. "నీ కాడ్నే ఉంచుకో. బస్తా కదిలియ్యొద్దన్నది నేనే. తప్పు నాది. ఇగ నుంచి వచ్చినయి వచ్చినట్టు నువ్వే చెరుగు, నువ్వే ఎండబెట్టు, నెలకు నెల నువ్వే పంచు. నీ పాలు ముందుగాల తీస్కో. ఎవలన్న అడిగితే అనంతమ్మ చెప్పిందను."

ఆరోగ్యమ్మవ్వ తాళంచెవిని చూసింది, ముట్టుకోలేదు.

"మరి బిషప్ గారికి ఏం సూపిస్తవ్?"

"ఖాళీ గది సూపిస్త," అంది అత్తమ్మ. "జర సుబ్బరంగ ఊడ్సి పెట్టు."

సోమవారం ఆరోగ్యమ్మవ్వ వచ్చింది. వస్తూనే బెన్నీని నిద్ర లేపించి, తూములో గాజు పెంకులు కూరించి సిమెంటు పూయించింది. గోడకు జానెడు దూరంగా చెక్కలు వేయించి వాటి మీదే బస్తాలు పెట్టాలంది. నిన్నటి ఆదివారం వచ్చిన బియ్యాన్ని చాప మీద పోసి, వేపాకు కలిపి, రెండు చేతులతో తిరగేసింది. గుమ్మంలో నిలబడి అత్తమ్మ అంతా చూసింది. దేవుని బియ్యమని గుర్తుచేయలేదు.

నేను చీపురు తీసుకుని వెళ్లి ఒక మూల నుంచి ఊడవడం మొదలుపెట్టాను. ఆరోగ్యమ్మవ్వ మధ్యాహ్నం దాకా నావైపు చూడనేలేదు. పాత పెంటికలు, పొట్టు చేటకెత్తి బయట పోసి వచ్చాక, ఉండబట్టలేక నేనే అడిగాను.

"అవ్వా, డ్రమ్ములో ఇంకా రెండు ఉన్నాయి. వాటినేం చేయమంటావ్?"

ఆమె తలుపు దగ్గరికి లాగింది. తాళం వేసి, ఒకసారి గుంజి చూసి, చెవిని బొడ్లో దోపుకుంది.

"నీ ఎలుకల్ని నువ్వు సూస్కో బిడ్డా," అంది. "నా ఎలుకల్ని నేను సూస్కున్న."